ఎత్తని ఫోనుకు నెలకు ఏడున్నర పౌండ్లు

ఎనిడ్ బార్‌క్రాఫ్ట్ ముప్ఫై నాలుగేళ్లపాటు బడి వంటింట్లో పనిచేసింది. బార్‌నాల్డ్స్‌విక్‌లో ఇవాళ నడివయసులో ఉన్న ఎవరిని ఆపి అడిగినా ముందు ఆవిడ గరిటె సంగతే చెబుతారు. ఊరి పేరు అంత పొడుగ్గా పలికే ఓపిక ఊరివాళ్లకు లేదు, బార్లిక్ అని సరిపెట్టుకుంటారు. కస్టర్డ్ తలకు ఒక గరిటె. డాక్టరు కూతురికైనా అంతే, తాగుబోతు కొడుక్కైనా అంతే. రెండోసారి పళ్లెం చాపినవాడికి ఎనిడ్ ఒక చూపు వడ్డించేది. దాంతో వాడి కడుపు నిండిపోయేది.

తిన్న పళ్లేలు తిరిగొచ్చేటప్పుడు ఆవిడ కళ్లు ఇంకా పదునుగా ఉండేవి. బఠాణీలు వదిలేస్తే పిల్లాడు మామూలుగా ఉన్నాడని లెక్క. మాంసం వదిలేస్తే జ్వరం. తీపి వదిలేస్తే ఇంట్లో అమ్మానాన్నలు కొట్టుకుంటున్నారని లెక్క. ఆవిడ టీచరు చెవిలో ఒక ముక్క వేస్తే, టీచరు వెళ్లి అడిగితే, నూటికి తొంభైసార్లు అదే నిజమయ్యేది.

పెళ్లి చేసుకోలేదు. అడిగినవాడు లేక కాదు. మిల్లులో మగ్గాలు బాగుచేసే మెకానిక్ ఒకతను రెండేళ్లు వెంట తిరిగి, మూడో ఏట పక్కూరు స్కిప్టన్ పిల్లను చేసుకున్నాడు. "ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచిస్తూనే ఉన్నాను. ఈలోపు అతనే తొందరపడ్డాడు" అని ఎనిడ్ నింపాదిగా చెప్పేది.

ఇప్పుడు ఆవిడకు డెబ్బై మూడు. వరస ఇళ్లలో చివరి ఇల్లు, రాతి గోడలు, వెనక బట్టలారేసుకునే జాగా. పొద్దున్నే ఇంటర్నెట్‌లో గళ్ల నుడికట్టు నింపుతుంది, లైబ్రరీ పుస్తకాల గడువు పెంచుకుంటుంది. మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే ఇల్లంతా ఒకసారి చుట్టి, గోడలకున్న స్విచ్చులన్నీ టకటకా ఆపేస్తుంది. వాళ్ల నాన్న మిల్లు తగలబడటం కళ్లారా చూసిన మనిషి. వాడని ప్లగ్గు నిప్పుతో సమానమని పిల్లలిద్దరికీ ఉగ్గుపాలతో పోశాడు. ఫ్రిజ్‌కు ఒక్కదానికే మినహాయింపు. దాన్ని కూడా ఎనిడ్ పూర్తిగా నమ్మదు.

ఇక ఫోను. అది మెట్ల పక్కన చిన్న బల్లమీద ఉంటుంది. మీగడ రంగు, తీగతో ఉన్న పాతకాలపు ఫోను. అందులో ఎవరూ మాట్లాడరు. రోజూ సాయంత్రం ఆరున్నరకు మూడుసార్లు మోగి ఆగిపోతుంది. ఆరూ ముప్ఫై అయిదుకు ఎనిడ్ ఒక నంబరు నొక్కి, అవతల మూడుసార్లు మోగనిచ్చి పెట్టేస్తుంది. పదహారేళ్లుగా ఆ ఫోను చేసే ఉద్యోగం అంతే.

అవతల ఉండేది తమ్ముడు విల్ఫ్. మూడు మైళ్ల దూరంలో ఎర్బీలో ఉంటాడు. కాలువ మీద పడవలకు లాకులు తీసి మూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. అతనికీ పెళ్లి కాలేదు. బార్‌క్రాఫ్ట్ కుటుంబంలో ఆలోచించడం కాస్త ఎక్కువ.

మూడు రింగుల పద్ధతి వాళ్లు కనిపెట్టింది కాదు. ఆ చుట్టుపక్కల ఆ వయసువాళ్లందరికీ తెలిసిందే. ఎవరింటికైనా వెళ్లి తిరిగి ఇల్లు చేరాక, వాళ్లకు ఫోను చేసి మూడుసార్లు మోగనిచ్చి పెట్టేయాలి. క్షేమంగా చేరామని అర్థం. అవతలివాళ్లు ఎత్తకూడదు. ఎత్తితే కాల్‌కు డబ్బు పడుతుంది, ఎత్తకపోతే క్షేమ సమాచారం ఉచితం. అక్కాతమ్ముళ్లిద్దరూ ఆదివారం సాయంత్రాలు అమ్మను చూసి ఇళ్లకు పోయాక ఇలాగే మోగించేవాళ్లు. "మూడో రింగు దాటిందంటే ఎవరో పోయినట్టే" అనేది అమ్మ. ఆవిడ పోయినప్పుడు ఆస్పత్రివాళ్లు చేసిన ఫోను పదకొండుసార్లు మోగింది.

అక్కాతమ్ముళ్లకు మాటలు ఆగిపోయింది ఆవిడ అంత్యక్రియల రోజునే. కారణం హ్యామ్. వాళ్లుండే లాంకషైర్‌లో మనిషిని మర్యాదగా సాగనంపడమంటే హ్యామ్‌తో సాగనంపడం. శ్మశానం నుంచి వచ్చినవాళ్ల ముందు ఉడకబెట్టి చల్లార్చిన పంది మాంసం పలచటి ముక్కలుగా పరచి పెట్టాలి. పెట్టకపోతే పోయినవాళ్ల ఆత్మ సంగతి ఎలా ఉన్నా, ఉన్నవాళ్ల పరువు మాత్రం శాంతించదు. ఎనిడ్ పాదిరిగారితో మాట్లాడటంలో తలమునకలుగా ఉండి, తిండి ఏర్పాటు విల్ఫ్‌కు అప్పగించింది. పళ్లేలు వచ్చాయి. మూత తీసింది. కోడిగుడ్డు శాండ్‌విచ్‌లు.

"హ్యామ్ ఏదిరా?" అంది ఎనిడ్.

"గుడ్డు ఉందిగా" అన్నాడు విల్ఫ్.

వాళ్లు ఎదురెదురుగా మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవే. ఊరి పిల్లలందరికీ ముప్ఫై ఏళ్లు వడ్డించిన మనిషి కన్నతల్లిని గుడ్డుతో సాగనంపిందని బార్లిక్ మొత్తం నెలరోజులు చెప్పుకుంది. కనీసం ఎనిడ్‌కు అలా వినిపించింది.

ఆ సాయంత్రం ఆరున్నరకు ఆవిడ ఫోను మూడుసార్లు మోగి ఆగింది. తమ్ముడు ఇల్లు చేరాడన్నమాట. ఎనిడ్ అయిదు నిమిషాలు ఆలోచించి తనూ మూడుసార్లు మోగించింది. కోపం కోపమే, పద్ధతి పద్ధతే. మర్నాడు ఆరున్నరకు మళ్లీ మోగింది. ఎక్కడికీ వెళ్లనివాడు ఇల్లు చేరానని చెప్పడమేమిటో ఆవిడకు అర్థం కాలేదు. అయినా జవాబు మోగించింది. అలా పదహారేళ్లు. ఎప్పుడూ ముందు అతనిదే, తర్వాత ఆవిడది. తను ముందు మోగించడమంటే ముందు పలకరించడమే. అంటే ఓడిపోవడమే. గెలిచే అవకాశం ఎనిడ్ తమ్ముడికి ఇవ్వదలుచుకోలేదు.

*

ఫిబ్రవరిలో ఫోను కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. కాంట్రాక్టు అయిపోవస్తోంది. పైగా దేశమంతా పాత ఫోను తీగలు మూసేస్తున్నారు, ఇకమీదట ఇంటి ఫోను కూడా ఇంటర్నెట్ డబ్బాలోంచే వస్తుంది, ఫలానా నంబరుకు ఫోను చేయండి అని రాశారు. ఆ ఫోను ఉచితం అని కూడా రాసి ఉండటంతో ఎనిడ్ చేసింది. ముప్పావుగంట సంగీతం తర్వాత కీలీ అనే అమ్మాయి పలికింది.

"మీ ప్యాకేజీ చూస్తున్నాను మేడమ్. ఇంటర్నెట్‌కి ఇరవై తొమ్మిది పౌండ్లు, ఇంటి ఫోనుకి ఏడున్నర. ఏప్రిల్ నుంచి కొంచెం పెరుగుతాయి."

"ఎందుకు పెరుగుతాయి?"

"ప్రతి ఏప్రిల్‌లోనూ పెరుగుతాయి మేడమ్."

"ఎప్పుడని అడగలేదమ్మా, ఎందుకని అడిగాను."

కీలీ దాన్ని దాటేసింది. "మీకో మంచి మాట చెప్పనా మేడమ్? ఆ ఫోను తీసేయించుకోండి. మీరు వాడట్లేదు. అయిదేళ్లలో మీరు మాట్లాడింది సున్నా నిమిషాలు."

"రోజూ వాడతాను."

"ఇక్కడ సున్నా అని చూపిస్తోంది."

"సున్నాయే. మేం మాట్లాడుకోం."

"మరి ఫోను చేసి ఏం చేస్తారు?"

"పెట్టేస్తాను."

అవతల కాసేపు టైపు చేస్తున్న చప్పుడు. తర్వాత కీలీ గొంతు తగ్గించి, "మీకెవరైనా అలా ఫోను చేసి పెట్టేస్తున్నారా మేడమ్? ఇబ్బంది పెట్టే కాల్స్‌ని ఆపేసే సదుపాయం ఉంది మా దగ్గర" అంది.

"చేస్తాడు ఒకడు. రోజూ ఆరున్నరకి. వాణ్ణి ఆపావంటే నేను మీ ఆఫీసుకొస్తాను."

"అయ్యో, అలాగే ఉంచుతాం మేడమ్. కానీ ఏడాదికి తొంభై పౌండ్లు ఊరికే పోతున్నాయని నా బాధ."

"తీసేస్తే నంబరు ఏమవుతుంది?"

"పోతుంది మేడమ్. ఒకసారి పోయాక మళ్లీ రాదు."

తినని పదార్థానికి ఎనిడ్ జీవితంలో పైసా పెట్టలేదు. వాడని గదిలో దీపం వేయదు. అలాంటి మనిషి, సున్నా నిమిషాలకు ఏడాదికి తొంభై పౌండ్లు అన్నమాట విని కూడా, "ఉంచమ్మా" అంది. ఎందుకో కీలీకి చెప్పలేదు. చెప్పాలంటే హ్యామ్ దగ్గర్నుంచి మొదలెట్టాలి.

పద్నాలుగు రోజుల్లో మనసు మారితే ఫోను తీసేయించుకోవచ్చని కీలీ చెప్పింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. కంపెనీ మాత్రం అడక్కుండానే ఇంకొకటి పెట్టింది. ఎవరైనా ఫోను చేసినప్పుడు ఎత్తకపోతే, కంపెనీలో ఉండే ఒక మెషిన్ ఎత్తి వాళ్ల మాటలు దాచిపెడుతుంది. మూడు నెలలు ఉచితం. వద్దని చెప్పడానికి ఎనిడ్ నోరు తెరిచేలోపు కీలీ శుభదినం చెప్పేసింది.

*

సోమవారం పొద్దున కంపెనీ నుంచి ఒక కుర్రవయసు మెకానిక్ వచ్చాడు. పాత డబ్బా తీసి కొత్త డబ్బా పెట్టాడు. ఫోను తీగను గోడలోంచి పీకి డబ్బా వెనక గుచ్చాడు. ఎనిడ్ టీ ఇచ్చింది, బిస్కెట్లు తలకు రెండు లెక్కన రెండిచ్చింది.

"ఈ డబ్బాని ఎప్పుడూ ఆపకండమ్మా" అన్నాడతను.

"ఎప్పుడూ అంటే?"

"ఎప్పుడూ అంటే ఎప్పుడూనే. ఇప్పుడు మీ ఫోను కూడా దీంట్లోనే ఉంది."

ఎనిడ్ తలూపింది. ఆదివారం చర్చిలో పాదిరిగారు పాపం చేయవద్దన్నప్పుడు కూడా ఆవిడ అలాగే తలూపుతుంది. ఇంటర్నెట్‌వాళ్లకూ కరెంటువాళ్లకూ ఏదో లోపాయికారీ ఒప్పందం ఉందని తేల్చుకుని, అతను వెళ్లాక పన్నెండు కొట్టగానే స్విచ్చులన్నీ ఆపేసింది. డబ్బా స్విచ్చు కూడా.

పాత ఫోనుకు కరెంటు ఫోను తీగలోనే వచ్చేది. ఇంట్లో ఏది ఆపినా, ఊరంతా చీకటైనా అది మోగేది. ఇక అలా కాదు. డబ్బా ఆగితే ఫోను కూడా చచ్చినట్టే. చూడటానికి మాత్రం నిన్నటిలాగే మెట్ల పక్కన దర్జాగా కూర్చుని ఉంది. ఎనిడ్‌కు అనుమానం రావడానికి ఏ కారణమూ లేదు.

సాయంత్రం ఆరున్నర అయింది. ఫోను మోగలేదు.

ఎనిడ్ గోడ గడియారం చూసింది, చేతి గడియారం చూసింది. రెండూ ఒకే మాట చెప్పాయి. ఏడయింది. ఎనిమిదయింది. పదహారేళ్లలో విల్ఫ్ ఒక్క రోజు తప్పలేదు. మోకాలి ఆపరేషనప్పుడు కూడా ఆస్పత్రి నుంచి మోగించాడు. మూడో రింగు కాస్త తడబడి సగంలో ఆగింది గానీ, మోగించాడు.

మంగళవారమూ మోగలేదు. బుధవారమూ లేదు. ఎనిడ్ మాంసం చాప్స్ వండుకుని సగం వదిలేసింది. తన పళ్లెం తనే చూసుకుని, జ్వరమేమో అనుకుని నుదుటిమీద చెయ్యి పెట్టుకుంది. జ్వరం లేదు. భయం ఉంది. విల్ఫ్ మెట్లమీంచి పడ్డాడేమో. వంటింట్లో పడి లేవలేక ఉన్నాడేమో. ఫోను ఎత్తి ఆ నంబరు నొక్కితే తేలిపోతుంది. కానీ నొక్కాలంటే ముందు నొక్కాలి. పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషికి అది పాతికమైళ్ల నడకతో సమానం. మూడు సాయంత్రాలూ ఆవిడ ఫోను పక్కన మెట్టుమీద కూర్చుంది, ఒక్కసారి కూడా దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకుని ఉంటే అది చచ్చిపోయి ఉందని తెలిసేది.

గురువారం పొద్దున మాంసం కొట్టు క్లైవ్ దగ్గరికి వెళ్లింది. ఎర్బీ వాళ్లు కూడా మాంసానికి అతని దగ్గరికే వస్తారు.

"మా తమ్ముడు ఈ మధ్య కనిపించాడా?" అంది, సాసేజీలు ఏరుతున్నట్టు నటిస్తూ.

క్లైవ్ కత్తి పక్కన పెట్టాడు. "ఇవాళ కొట్టు తెరవగానే వచ్చాడు. మా అక్క కనిపించిందా అని అడిగాడు. మంగళవారం వచ్చింది, రెండు చాప్స్ తీసుకెళ్లింది, గుండ్రాయిలా ఉంది అని చెప్పాను. మీరిద్దరూ నన్నడగడం మానేసి ఒకళ్లనొకళ్లు అడగొచ్చు కదమ్మా?"

"నేనేం అడగలేదు. ఊరికే అన్నాను" అంది ఎనిడ్.

ఎనిడ్ రోడ్డు మీదికి వచ్చింది. తమ్ముడు బతికే ఉన్నాడు. మొదట ప్రాణం లేచొచ్చింది. చర్చి మలుపు తిరిగేసరికి ఒళ్లు మండింది. బతికుండి కూడా మోగించడం లేదు. అంటే కావాలనే మానేశాడు. ఆ సాయంత్రం ఆరున్నరకు కూడా ఫోను ఉలకలేదు, పలకలేదు. ఎనిడ్ మెట్టుమీద కూర్చుని కాసేపు ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని, కీలీ ఇచ్చిన పద్నాలుగు రోజుల్లో ఎన్ని మిగిలాయో లెక్కబెట్టింది. మోగని ఫోనుకు ఏడున్నర పౌండ్లు కట్టడం పిచ్చిపని అని తేలింది.

*

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి నుడికట్టు కోసం డబ్బా స్విచ్చు వేసింది. నుడికట్టు మీద మనసు నిలవలేదు. తొమ్మిది కాకముందే, ఫోను తీసేయమని చెప్పడానికి ఫోను ఎత్తింది. ఎప్పుడూ వినిపించే గుర్ర్ చప్పుడుకు బదులు టుక్, టుక్, టుక్ అని తెగి తెగి వస్తోంది. మెకానిక్ వదిలిపోయిన కాగితం తీసి చూసింది. అలా వినిపిస్తే మీకోసం ఎవరో మాటలు వదిలారని అర్థం, ఈ నంబరు నొక్కండి అని ఉంది. నొక్కింది. నాలుగు సందేశాలున్నాయని ఒక ఆడ గొంతు చెప్పింది. లండన్ యాస, ఏ భావమూ లేని గొంతు.

మొదటిది సోమవారం, ఆరున్నర. ఒక దగ్గు, తర్వాత ఫోను పెట్టేసిన చప్పుడు. ఎనిడ్‌కు ఆ దగ్గు తెలుసు. పదహారేళ్ల తర్వాత తమ్ముడి గొంతు ముందు దగ్గుగా వచ్చింది.

రెండోది మంగళవారం. "ఎవరమ్మా నువ్వు? ఆ ఇంట్లో ఏం చేస్తున్నావ్? ఎనిడ్ ఉందా? వద్దు వద్దు, పిలవకు. ఊరికే అడిగా."

మూడోది బుధవారం. "ఇదిగో చూడమ్మా. నువ్వు ఒక్క రింగు కూడా పడనివ్వకుండా ఎత్తేస్తున్నావ్. నువ్వెత్తిన ప్రతిసారీ నాకు ఇరవయ్యారు పెన్నీలు, పైన నిమిషానికి ఇంత అని. అది కాదు సంగతి. మూడుసార్లు మోగాలి. నువ్వు ఎత్తకూడదు. ఇక్కడ అదీ పద్ధతి, మీ లండన్‌లో ఎలాగో నాకు తెలీదు. ఆవిడకి ఒంట్లో బాగుందా? బాగుందో లేదో అది చెప్పు చాలు." చాలాసేపు నిశ్శబ్దం. "బదులు చెప్పే అలవాటు లేదనుకుంటా నీకు."

నాలుగోది నిన్నటిది. విల్ఫ్ గొంతు బొంగురుపోయి ఉంది.

"ఏమే ఎనిడ్. క్లైవ్‌ని అడిగా. నిక్షేపంలా ఉన్నావంట. సంతోషం. అంటే నేను మోగించడం నీకిష్టంలేక మనిషిని పెట్టుకున్నావ్. సరే, నీ ఇష్టం. ఇదిగో అమ్మా, ఫోనెత్తే ఆవిడా, నీతో ఒక మాట చెప్తా, నీ పొట్టలో పెట్టుకో. ఆ రోజు నేను హ్యామ్ మర్చిపోలేదు. మా అమ్మే వద్దంది. ఆస్పత్రిలో మంచంమీద, 'నాకు జన్మలో హ్యామ్ పడలేదురా విల్ఫ్, మీ నాన్నకిష్టమని తిన్నాను, పోయాకైనా నా పేరుమీద అది పెట్టొద్దు' అంది. 'మీ అక్కకి చెప్పకు, అన్నేళ్లు తనచేత్తో వండిపెట్టింది, మనసు కష్టపెట్టుకుంటుంది' అంది. చెప్పనని మాటిచ్చా. ఇప్పటిక్కూడా చెప్పలేదు. ఇప్పుడు కూడా నీతోనే చెప్తున్నా, దానితో కాదు. రేపు పొద్దున్నే ఈ ఫోను తీయించేస్తున్నా. దీనికి డబ్బు దండగని కంపెనీవాళ్లు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నారు. మోగించడానికి మనిషే లేనప్పుడు నెలనెలా కట్టడం ఎందుకు? ఆరున్నరకి చూడొద్దని చెప్పు దానికి."

దాచాలంటే రెండు నొక్కమని ఆడ గొంతు చెప్పింది. ఎనిడ్ రెండు నొక్కింది. నమ్మకం చాలక మళ్లీ నొక్కింది.

మెట్టుమీద కూలబడింది. అమ్మ పళ్లెం గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. ప్రతి క్రిస్మస్‌కూ, ప్రతి చావుకూ తను వండిన హ్యామ్, అమ్మ పళ్లెంలో ఆకుకూర కింద మడిచి ఉన్న ముక్కలు. కనిపించేవి. ఎప్పుడూ కనిపించేవి. ఊళ్లో ప్రతి పిల్లాడి పళ్లెం చదివిన మనిషి, కన్నతల్లి పళ్లెం ముప్ఫై ఏళ్లు కడిగి బోర్లించింది గానీ ఒక్కసారి చదవలేదు. ఆ నేరానికి తమ్ముడు శిక్ష అనుభవించాడు. ఎనిడ్‌కు తనమీద తనకే అసహ్యం వేసింది.

లేచి తమ్ముడి నంబరు నొక్కింది. పదహారేళ్లలో మొదటిసారి ముందు తనే. మోగలేదు. ఈ నంబరు వాడుకలో లేదని ఇంకో ఆడ గొంతు చెప్పింది. విల్ఫ్ తెల్లవారకముందే లేచే రకం, కంపెనీ ఎనిమిదింటికి తెరుస్తుంది.

ఎనిడ్ కోటు తగిలించుకుని బస్సు స్టాపుకు నడిచింది. ముసలివాళ్లకు బస్సు ఉచితమే, కానీ తొమ్మిదిన్నర దాటాక. తొమ్మిదింపావు బస్సు వచ్చింది. ఆవిడ ఎక్కి పర్సు తీసింది.

"తర్వాతి బస్సుకి ఊరికే రావచ్చు కదమ్మా" అన్నాడు డ్రైవరు.

"పదహారేళ్లు ఆగాను నాయనా, ఇక చాలు" అంది ఎనిడ్. అతను టిక్కెట్టు కొట్టాడు.

*

విల్ఫ్ తలుపు తీశాడు. ఒంగిపోయాడు, జుట్టంతా పోయింది. చంకలో తీగ చుట్టిన ఫోను ఉంది, చెత్తబుట్టకు తీసుకెళ్తున్నట్టున్నాడు. అక్కను చూసి పక్కకు తొంగిచూశాడు, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని.

"ఆవిడేది?"

"ఏ ఆవిడ?"

"నీ ఫోనెత్తే ఆవిడ."

"మెషిన్‌రా అది."

విల్ఫ్ చంకలోని ఫోను వైపు చూశాడు. "నేను దానికి అన్నీ చెప్పానే" అన్నాడు.

"విన్నాను."

"నీకు చెప్పనని అమ్మకి మాటిచ్చా."

"నువ్వు చెప్పలేదులే. మెషిన్ చెప్పింది."

అతను ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. న్యాయంగానే ఉన్నట్టు తోచింది. "లోపలికి రా, చలి ఇంట్లోకి దూరుతోంది" అన్నాడు.

టీ పెట్టాడు. కేకు చెరో ముక్క కోశాడు. ఎనిడ్ తింటూ తింటూ, "నువ్వు పోయావనుకున్నానురా. పేపర్లో చావు కబుర్లన్నీ వెతికాను" అంది.

"నా పేరు లేదుగా?"

"లేదు. కానీ అది పోయిన వారం పేపరు."

విల్ఫ్ నవ్వబోయి ఆగాడు. అక్క కళ్లనీళ్లు పళ్లెంలో పడుతున్నాయి. "అమ్మ తినేది కాదని నాకెందుకు తెలీలేదురా?" అంది.

"నీకు బయటి పిల్లల పళ్లేలే సరిపోయాయి" అన్నాడు. దెప్పినట్టు లేదు. "నువ్వు గుడ్డు గురించి ఒక్కసారి గట్టిగా నిలదీసి ఉంటే చెప్పేసేవాణ్ణే. నిలదీస్తావని ఎదురుచూశా. మాట్లాడటమే మానేస్తావనుకోలా."

"నువ్వు రావచ్చు కదా?"

"రోజూ వచ్చాగా, ఆరున్నరకి."

ఇద్దరూ కేకు పూర్తిచేశారు. ఎవరి పళ్లెంలోనూ ఏమీ మిగల్లేదు. తర్వాత కాలువ గురించి, విల్ఫ్ మోకాలి గురించి, క్లైవ్ సాసేజీల్లో ఈ మధ్య రొట్టెపొడి ఎక్కువవడం గురించి మాట్లాడుకున్నారు. పదహారేళ్ల మాటలు ఉంటాయనుకుంటే, గంటన్నరలో అయిపోయాయి.

ఎనిడ్ బయలుదేరింది. గుమ్మం దగ్గర విల్ఫ్ అలవాటు కొద్దీ, "ఇల్లు చేరాక..." అని మొదలెట్టి, బల్లమీద తీగ చుట్టిన ఫోను చూసి ఆగిపోయాడు.

"మొబైల్ లేదా నీకు?" అంది ఎనిడ్.

"ఉంది. ఏ సొరుగులో ఉందో తెలీదు. దాని నంబరు అసలే తెలీదు."

తర్వాత విల్ఫ్ కోటు తీసుకుని తనూ బస్సెక్కాడు. బార్లిక్ వరకూ కిటికీలోంచి గొర్రెలను చూస్తూ కూర్చున్నాడు.

ఇంట్లోకి అడుగుపెట్టేసరికి పన్నెండున్నర. ఎనిడ్ బూట్లయినా విప్పకుండా ఇల్లు చుట్టి స్విచ్చులు ఆపుకుంటూ వచ్చింది. డబ్బా మీద పచ్చదీపం ఆరిపోవడం విల్ఫ్ చూశాడు. వంగి ఫోను ఎత్తి చెవికి పెట్టుకున్నాడు. చప్పుడు లేదు. అక్క చెవికి పెట్టాడు. ఆవిడకూ చప్పుడు లేదు.

"దీన్ని ఆపొచ్చని ఎవరు చెప్పారే?"

"ఆపొద్దనే చెప్పాడు ఆ మెకానిక్. ఎప్పుడూ ఆపొద్దన్నాడు."

"మరి?"

"నాన్న చెప్పాడు కదరా, వాడని ప్లగ్గు..."

"నాన్నకి ఇంటర్నెట్ లేదే తల్లీ!"

ఎనిడ్ స్విచ్చు మళ్లీ వేసింది. పచ్చదీపం వెలిగింది. దాన్ని తగలబడిపోతుందేమో అన్నట్టు ఇద్దరూ కాసేపు కాపలా కాశారు. ఏమీ తగలబడలేదు.

"ఇక దీనికి ఏడున్నర ఎందుకు కట్టడం? మోగించడానికి నా దగ్గర ఫోనే లేదుగా" అన్నాడు విల్ఫ్.

"ఇంకా గడువుంది. ఆలోచిస్తాను" అంది ఎనిడ్.

నాలుగింటి బస్సుకు విల్ఫ్ లేచాడు. ఎనిడ్ గుమ్మందాకా వచ్చింది. అతను మెట్టు దిగుతుంటే, అప్పుడే గుర్తొచ్చినట్టు ఆవిడ గొంతు మారింది.

"మరి నువ్వు ఇల్లు చేరినట్టు నాకెలా తెలుస్తుందిరా?"

విల్ఫ్ టోపీ సర్దుకుంటూ కాసేపు ఆలోచించాడు.

"రేపొచ్చి చెప్తాలే" అన్నాడు.